అమ్మ ట్రయల్ రూంలో ఉంది

ఏప్రిల్ 7

ఒసే కందిరీగా,

మీ నాన్న నీ ఫోను లాక్కుని బీరువాలో పడేసి తాళం వేశాడట. పరీక్షలన్నీ అయ్యేదాకా ఇచ్చే ప్రసక్తే లేదట. బుద్ధెరిగాక మా అన్నయ్య చేసిన ఒకే ఒక్క మంచి పని ఇది. దాని మూలంగా నాకు పని పడింది గాని. నీతో మాట్లాడాలంటే ఇప్పుడు పెన్ను పట్టుకోవాలి. చదువు మానేశాక సంతకాలు తప్ప ఏమీ రాయలేదు, నా రాత కోడి కెలికినట్టుంది. నవ్వావంటే చెవి మెలేస్తాను.

సంగతేమిటంటే, మాల్లో నాకు రెండో అంతస్తు మొత్తం అప్పగించారు. ఫ్లోర్ మేనేజర్ని. బట్టల షాపులు, చెప్పుల షాపులు, సెంటు షాపు, మధ్యలో ఫుడ్ కోర్టు, అన్నీ నా కిందే. చేతిలో వాకీటాకీ. నేను ఒక్క మాటంటే గార్డులు పరిగెత్తుకుంటూ వస్తారు. మీ నాన్నకి చెప్పు. తన మోటార్ల షాపు కౌంటర్లో కూర్చోడానికి కూడా పనికిరానన్నాడు కదా నన్ను.

అంతా బాగానే ఉంది గాని, మధ్యాహ్నం స్కూళ్ళు వదిలేసరికి దిగుతుందే మిడతల దండు! వయసు చూస్తే పదిహేను, పదహారు. జుట్టు కళ్ళలో పడుతుంటుంది, ప్యాంట్లు నేల ఊడుస్తుంటాయి. వీపు మీద ఇంతేసి సంచులు, వాటిలో పుస్తకం తప్ప అన్నీ ఉంటాయి. ఎస్కలేటర్ ఎక్కుతారు. పైకెళ్ళి దిగుతారు. మళ్ళీ ఎక్కుతారు. ఏమిట్రా ఇది అంటే "ఊరికే మేడం" అంటారు. ఊరికేనట! కరెంటు ఊరికే వస్తోందా? సెంటు షాపులో శాంపిల్ సీసా పెడితే, నిన్న ఒక మహాతల్లి చేతులకి కొట్టుకుని, మెడకి కొట్టుకుని, జుట్టుకి కొట్టుకుని, చివరికి వంగి బూట్లకి కూడా కొట్టుకుంది. కొంటావా అమ్మా అంటే "ఈ వాసన నాకు పడదండీ" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

బెంచీలు వేసింది షాపింగ్ చేసి అలిసిపోయిన వాళ్ళకి. వాటి మీద వీళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కూర్చుంటారు. పకపకా, ఇకఇకా. అంత నవ్వొచ్చే విషయం ఏమిటా అని వెనక నిలబడి విన్నాను. ఏమీ లేదు. ఒకడికి ఎక్కిళ్ళు వస్తున్నాయి, మిగతావాళ్ళు లెక్కపెడుతున్నారు. దానికి నవ్వు! ఈ బేవార్సు మూకని కన్నవాళ్ళని లాక్కొచ్చి అదే బెంచీ మీద కూర్చోబెట్టాలి.

నువ్వు నోటి దురుసుదానివే గాని ఇలా గాలికి తిరిగే రకం కాదు, నా అదృష్టం. మీ ఊళ్ళో కూడా మా కంపెనీ మాల్ ఉంది కదా, అక్కడా ఇదే తంతా? జేబులోంచి పైసా తీయకుండా పొద్దుగూకేదాకా ఎలా గడుపుతారో నాకు అంతుపట్టడం లేదు. నీకేమైనా తెలిస్తే రాయి. చదువు పాడు చేసుకుని మాత్రం రాయకు.

నిన్ను తిట్టక నోరు చప్పబడిపోయిన
మీ అత్త


ఏప్రిల్ 16

అత్తోయ్,

నీ ఉత్తరం వచ్చేసరికి నాన్న షాపులో ఒక మోటారుని పట్టుకుని తిడుతున్నాడు. ఈ ఇంట్లో మోటారు తిరక్కపోతే తిట్లు, నేను తిరిగితే తిట్లు. నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు పక్కన కూర్చుని చిక్కులు లాగుతూ తల దువ్వుతున్నట్టు అనిపించింది. మన వంశంలో తిట్టకుండా ముద్దు చేయడం ఎవరికీ చేతకాదు కదా. ఆ పిల్లలంటే నీకు ఎంత ఇష్టం లేకపోతే వెనక నిలబడి మరీ ఎక్కిళ్ళు వింటావు!

నేను గాలికి తిరిగే రకం కాదని రాశావు చూడు, అక్కడ పగలబడి నవ్వాను. నీ వెటకారం నాకు తెలీదా?

మావాళ్ళు ఎలా గడుపుతారో చెప్తాను. నాన్న చెవిన మాత్రం పడనీయకు, చంపేస్తాడు. ఒక్క కూల్‌డ్రింకు, ఐదు స్ట్రాలు. గ్లాసులో ఐసు కరిగేదాకా ఆ టేబుల్ మావాళ్ళదే. కరిగాక మంచినీళ్ళు పోసుకుంటారు, దూరం నుంచి చూసేవాడికి డ్రింకులాగే ఉంటుంది. ఖరీదైన షాపు పేరున్న సంచి ఒకటి సంపాదించి, అందులో ఎవరిదో పాత స్వెట్టరు కుక్కి భుజానికి తగిలించుకుంటే గార్డు పక్కకి జరిగి దారిస్తాడు. ఆ సంచిని వంతులవారీగా మోస్తారు. వంతు కోసం కొట్టుకుంటారు కూడా.

అయినా నన్నడిగితే నవ్వాల్సింది కొనేవాళ్ళని చూసి. మొన్న ఒకాయన చెప్పుల షాపంతా కిందికి దింపించి, వేసుకొచ్చిన చెప్పుల్లాంటివే ఇంకో జత కొనుక్కుని పోయాడు. ఒకావిడ రెండు చేతుల్లో రెండు కుర్తాలు పట్టుకుని ఏది బాగుందని మొగుణ్ణి అడుగుతోంది. రెండూ ఒకటే రంగు, ఒకటే కుట్టు. ఆయన ముఖం చూడాలి, సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చినట్టుంది. అంత డబ్బు పోసి ఒక్కళ్ళూ నవ్వుకుంటూ బయటికి రారు. సంచులు మోసుకుంటూ, ఆటోవాణ్ణి తిట్టుకుంటూ పోతారు. మావాళ్ళు మాత్రం పొట్టలు పట్టుకుని బయటికొస్తారు.

రేపు లెక్కల పరీక్ష. ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నీ నోరే వచ్చిందని అందరూ అనే
కందిరీగ


మే 3

ఒసే గడుగ్గాయీ,

స్వెట్టరు కుక్కిన సంచి! అది చదవగానే మడిచి జేబులో పెట్టుకుని ఫ్లోరు మీదికి పరిగెత్తాను. సరిగ్గా అలాంటి సంచే భుజానికేసుకుని ఒక పొడుగ్గాడు దొరబాబులా నడుస్తున్నాడు. ఏం కొన్నావు బాబూ, బిల్లు చూపించు అన్నాను. ముఖం పాలిపోయింది. విప్పి చూస్తే స్వెట్టరు కూడా కాదే, దిండు గలేబు! నాకు నవ్వాగలేదు. మీ ఊరి పిల్లల బుర్రే బుర్ర. అందులో సగం చదువులో పెడితే దేశాలు ఏలేవాళ్ళు.

నీ మాటలు మా పెద్దాయనకి చెప్పాను. పెద్దాయనంటే మా కంపెనీలో మాల్స్ అన్నిటికీ ఆయనే పైవాడు. నవ్వడు. కాఫీలో చక్కెర వేసుకోడు. కింది మనుషుల్ని కూర్చోమనడు. అలాంటి మనిషి మొదటిసారి కుర్చీ చూపించాడు నాకు. "ఇంత బాగా గమనించినవాళ్ళు మన దగ్గర లేరు, ఈ పిల్లల కోసం ఒక పథకం తయారు చేయండి" అన్నాడు. నేనెక్కడ గమనించాను, నా మేనకోడలు గమనించింది అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఏమనుకోకు.

ఇంకొకటి చెప్పు. గార్డు వెళ్ళి, ఎవరు మీరు, ఎందుకు కూర్చున్నారు అని నిలదీస్తే ఏమంటారే వీళ్ళు? మా గార్డులు మీసాలు మెలేసుకుంటూ వెళ్తారు, మెడ గోక్కుంటూ తిరిగొస్తారు. ఏమైందిరా అంటే "వాళ్ళమ్మ వస్తోందట మేడం" అంటాడు ఒకడు. ఆ అమ్మ రాదు, నేను చూడను. దీని గుట్టు కాస్త విప్పు.

లెక్కలు ఎలా రాశావని అడగను. నాకూ కాస్త జాలి ఉంది.

మీ అత్త


మే 12

అత్తా,

పిల్లల కోసం పథకమా! మీ పెద్దాయన కాఫీలో చక్కెర వేసుకోకపోతే పోనీ, నోట్లో మాత్రం చక్కెర పోయాలి. నువ్వు అడగడం ఆలస్యం, నేను చెప్పేస్తున్నా. బెంచీలు ఇంకో నాలుగు వేయించు, వాటికి వీపు ఆనించుకోడానికి ఉండాలి. గోడలకి చార్జింగ్ ప్లగ్గులు పెట్టించు. నాకు ఫోను లేదనుకో, లెక్కల మార్కులు చూశాక నాన్న ఆ బీరువా తాళం ఎక్కడ దాచాడో తనకే గుర్తులేదంటున్నాడు. కానీ మిగతావాళ్ళు పాపం. మంచినీళ్ళ కుళాయి కూడా, ఆ ఫుడ్ కోర్టువాడు నీళ్ళడిగితే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తాడు.

ఇక గార్డు సంగతి. గార్డుని చూసి లేవకూడదు, లేస్తే దొరికిపోయినట్టే. మావాళ్ళలో ఉల్లిపాయ అని ఒకతి ఉంది. నవ్వొచ్చినా, కోపమొచ్చినా, ఆవలింత వచ్చినా ముందు దాని కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అందుకే ఆ పేరు. గార్డు రాగానే అది విసుగ్గా ముఖం పెట్టి "అమ్మ ట్రయల్ రూంలో ఉంది" అంటుంది. అంతే. ఆడవాళ్ళ ట్రయల్ రూం దగ్గరికి వెళ్ళి కనుక్కునే గార్డు ఇంకా పుట్టలేదు. వాడు ఇంకా నిలబడి ఉంటే "లోపలికి ఎన్ని పట్టుకెళ్ళిందో మీకు తెలీదంకుల్" అని నిట్టూరుస్తుంది. వాడికి వాళ్ళావిడ గుర్తొచ్చి జాలిపడి వెళ్ళిపోతాడు. ఇంకెవరు చెప్పినా తడబడతారు. అది చెప్తే మాత్రం నేను కూడా వెనక్కి తిరిగి చూస్తాను, నిజంగా ఎవరైనా వస్తున్నారేమోనని.

బెంచీల సంగతి మర్చిపోకు.

కందిరీగ


జూన్ 18

నా బంగారు కందిరీగా,

ఎక్కడ మొదలుపెట్టను! మీ ఊరి పిల్ల చెప్పే ఆ ట్రయల్ రూం మాట చదివి కడుపు నొప్పొచ్చేలా నవ్వాను. నవ్వి, కూర్చుని పథకం రాశాను. పెద్దాయన చదివి లేచి నిలబడ్డాడే!

తలుపు దగ్గర బోర్డు పెట్టించాను. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు పెద్దవాళ్ళ తోడు లేకుండా లోపలికి రాకూడదు. కన్నుగప్పి వచ్చినా సంచి ఉంటే బిల్లుండాలి, టేబుల్ దగ్గర కూర్చుంటే గ్లాసులో నీళ్ళుండకూడదు. బెంచీలు పీకించేశాను. వాటి చోట ఏటవాలు చెక్కలు బిగించాం, కాసేపు ఆనుకోవచ్చు, కూర్చోబోతే జారిపోతారు. అన్నిటికంటే పెద్దాయన మురిసిపోయింది దేనికో తెలుసా? అమ్మ ట్రయల్ రూంలో ఉందని ఎవరైనా అంటే, సరే పద అని తీసుకెళ్ళి ఆ గుమ్మంలోనే నిలబెట్టడం. అమ్మ బయటికొచ్చేదాకా కదలనీయకూడదు. అందరూ చూస్తుంటారు. ఒకసారి నిలబడ్డ పిల్ల మళ్ళీ మాల్ వైపు కన్నెత్తి చూడదు.

ఇప్పుడు నా ఫ్లోరు చూడాలి నువ్వు. అద్దంలా ఉంది. కిక్కురుమనే ప్రాణి లేదు. ఆ మూక ఏ గంగలో దూకిందో నాకు అనవసరం.

నన్ను హెడ్డాఫీసుకి తీసుకున్నారు. సొంత గది, తలుపు మీద పేరు. ఈ పథకం అన్ని ఊళ్ళలోనూ పెడుతున్నారు, వచ్చే నెల మీ ఊళ్ళోనే. ఇదంతా నీ చలవే. ఏం కావాలో అడుగు, కొనిపెడతాను.

గాల్లో తేలుతున్న
మీ అత్త


జూన్ 27

అత్తా,

ఎక్కడో ఒకచోట వెటకారం ఉంటుందని నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. లేదు. నువ్వు నిజంగానే అన్నావు.

మావాళ్ళు అంటే మేమే. నేను, ఉల్లిపాయ, ఇంకా ముగ్గురు. ఉత్తరం నాన్న కంటపడుతుందేమోనని అలా రాశాను. నీకు అర్థమైందనుకున్నాను. మా ఊరివాళ్ళు అనుకున్నావా? నీ మేనకోడలు నీ మిడతల దండులో ఒకతి. ఇప్పుడు తిట్టు.

తిట్టాక ఇది విను. మా ఇల్లు నువ్వెరిగిందే. ముందు గది నిండా మోటార్లు, వాటి చుట్టూ మగవాళ్ళు. వెనక గదిలో గుసగుసలాడినా షాపులోకి వినపడుతుంది. పార్కుకి సాయంత్రమే తాళం. లైబ్రరీలో నోరు తెరవకూడదు. అబ్బాయిలు టీ కొట్టు దగ్గర నిలబడతారు, వంతెన గోడ మీద కూర్చుంటారు, వాళ్ళనెవరూ ఏమీ అనరు. ఒకసారి మేమూ ఆ గోడ మీద కూర్చున్నాం. దారినపోయే ప్రతి బండీ మా దగ్గరికొచ్చేసరికి నెమ్మదిస్తోంది. లేచి వచ్చేశాం. మాల్లో వెలుగుంటుంది, బాత్రూం ఉంటుంది, ఎవడైనా వెంటపడితే గార్డున్నాడు.

అక్కడ చదువుకుంటున్నామని అబద్ధం చెప్పను. మేం ఏమీ చేయం. కూర్చుంటాం, వాగుతాం, నవ్వుతాం. నాకు రోజు మొత్తంలో బాగుండేది అదొక్కటే. ఆడపిల్లలం కూర్చోడానికి ఈ ఊళ్ళో ఇంకో చోటుంటే చెప్పు, రేపే వెళ్తాం. కొనిపెడతానన్నావుగా, ఏమీ కొనొద్దు. మా ఊళ్ళో మాత్రం దీన్ని ఆపు అత్తా. నువ్వు చెబితే ఆయన వింటాడు.

నీ కందిరీగ


జూలై 16

కందిరీగా,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను ఇంట్లో లేను, ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాను. తిరిగొచ్చి తాళం తీస్తే గుమ్మంలో పడుంది. అప్పటికే మీ ఊళ్ళో పని అయిపోయింది. ముందే చూసుంటే ఏదో ఒకటి చేసేదాన్ని.

మీ ఊరొచ్చి ఇంటికి రాలేదని మీ నాన్న నిష్ఠూరంగా మాట్లాడాడు. పెద్దాయన పక్కనే ఉన్నాడే, ఊపిరి సలపనిస్తేగా! ఆ హడావుడిలో ఎవరో "అత్తా" అని పిలిచినట్టు అనిపించింది. నువ్వేనా? నిన్ను చూసి ఏళ్ళయింది, పొడుగయ్యావట, జుట్టు కూడా కత్తిరించుకున్నావట. ఆ గుంపులో గుర్తుపట్టలేకపోయాను.

నువ్వు కూడా ఆ గుంపులో తిరుగుతావంటే నాకు చాలా కోపంగా ఉంది. ఉన్నా సరే, ఈ కార్డు పంపుతున్నాను. హెడ్డాఫీసు కార్డు, ఇది చూపిస్తే నిన్ను ఏ గార్డూ ఆపడు. నీ ఒక్కదానికే చెల్లుతుంది. నువ్వు దర్జాగా వెళ్ళు, సోఫాలున్న గదిలో కూర్చో. ఆ మిగతా సంత నీకెందుకే?

మీ అత్త


జూలై 22

మేనేజరు గారికి,

మీరు పంపిన కార్డు అందింది. ఇందులో పెట్టి తిరిగి పంపుతున్నాను.

ఆ రోజే మొదలుపెడతారని మాకు తెలీదు. బెంచీలు తీసేసేలోగా ఒక్కసారి కూర్చుందామని పొద్దున్నే వచ్చాం. గార్డు రాగానే, నేను ఆపేలోగా, ఉల్లిపాయ అలవాటు కొద్దీ ఆ మాట అనేసింది. మీరు రాసిన ప్రకారమే అతను దాన్ని తీసుకెళ్ళి ట్రయల్ రూం గుమ్మంలో నిలబెట్టాడు. లోపల్నుంచి ఒక్కొక్కావిడ బయటికొచ్చినప్పుడల్లా "ఈవిడేనా మీ అమ్మ?" అని గట్టిగా అడిగాడు. వచ్చినవాళ్ళు దాన్ని కిందికీ పైకీ చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. కొందరు నవ్వారు.

వాళ్ళమ్మ పోయినేడు చనిపోయింది. ఆ సంగతి మీకు రాయలేదు, ఎందుకంటే అది మాతో ఉన్నంతసేపు మేమెవరం ఆ ఊసెత్తం. ఆ ఒక్క ముక్క గార్డుకి చెబితే వదిలేసేవాడేమో. అది చెప్పలేదు. ఏడవను కూడా లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ తలుపు వైపే చూసింది. నేను గార్డు చెయ్యి పట్టుకుని లాగుతుంటే మీరు వచ్చారు.

నన్ను గుర్తుపట్టలేదని రాశారు. నేను "అత్తా" అనగానే మీరు నవ్వారు. మీ నవ్వు నాకు తెలుసు. ఆ తర్వాత పక్కనున్న పెద్దాయన్ని చూశారు. ఎవరీ అమ్మాయి అని ఆయన అడిగితే, "ఇలాంటివాళ్ళకి అందరూ అత్తలే సార్" అన్నారు. ఆయన నవ్వాడు. ఆయన నవ్వడని మీరే రాశారు.

ఉల్లిపాయ ఇప్పుడు ఎక్కడికీ రావడం లేదు. వాళ్ళింటికి వెళ్తే పడుకుందని చెప్పి పంపేస్తున్నారు. ఆ మాట మీదాకా ఎలా వెళ్ళిందో దానికి నేనింకా చెప్పలేదు. మిగతా ముగ్గురూ ఎవరింట్లో వాళ్ళు ఉంటున్నారు. మీ ఫ్లోర్లు అన్నీ అద్దంలా ఉండి ఉంటాయి.

మీకు శ్రమ కలిగించినందుకు క్షమించండి.

ఇట్లు,
పద్దెనిమిదేళ్ళు నిండని ఒక అమ్మాయి


ఆగస్టు 2

ఒసే తల్లీ,

ఇంటికి కాకుండా ఆఫీసుకి రాశావు. పైన మేనేజరు గారికి అని ఉంటే ఎవరో కస్టమర్ ఫిర్యాదు అనుకుని కిందివాళ్ళు విప్పారు. చేతులు మారి మారి పెద్దాయన బల్ల మీదికి వెళ్ళింది. నన్ను పిలిచి ఎవరీ పిల్ల అన్నాడు. నా మేనకోడలు అన్నాను. "ఇలాంటివాటికి అచ్చేసిన జవాబు ఉందిగా, సంతకం పెట్టి పంపేయండి" అన్నాడు. మీ సూచనకి ధన్యవాదాలు, మీరు మాకు విలువైనవారు అని ఉంటుంది అందులో. ఆ ముక్కలు రాసింది నేనే. దాని కింద సంతకం పెట్టలేక చింపేశాను.

మీ ఊళ్ళో బెంచీలు తిరిగి వేయించమని అడిగాను. పాత ఇనుపసామానువాడికి ఇచ్చేశామన్నారు. గట్టిగా అడిగితే తలుపు మీద నా పేరు కూడా వాడికే ఇచ్చేలా ఉన్నారు. నా వల్ల కాలేదు. అబద్ధం చెప్పను.

నవ్వాను. నిన్ను చూడగానే నవ్వాను, జుట్టు కత్తిరిస్తే నిన్ను పోల్చుకోలేనా? ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చిన మాట కూడా నేనే అన్నాను. ఆ పిల్ల దగ్గరికి వచ్చే ముఖం నాకు లేదు, అయినా ఆదివారం వస్తున్నాను. తలుపు తీస్తారో తీయరో.

నీ ఉత్తరం ఇంటికి తెచ్చుకున్నాను. అందులో ఏ మాటైనా పడతానే, అన్నీ నిజాలే. ఇంకా ఏమనాలనుంటే అది కూడా రాసెయ్యి. మళ్ళీ ఎప్పటికీ రాయకపోయినా నోర్మూసుకుని ఉంటాను. నన్ను "మీరు" అని మాత్రం అనకే.

అత్త